ఎలీసమ్మ వేలిముద్ర

“క్షమించండి. వేలు పడలేదు. దయచేసి మళ్లీ ప్రయత్నించండి.”

చిలక ఈ మాట చెప్పడం అది తొమ్మిదోసారి. మొదటిసారి ఎంత మర్యాదగా చెప్పిందో తొమ్మిదోసారీ అంతే మర్యాదగా చెప్పింది. మనిషై ఉంటే మూడోసారికే కసురుకునేది.

పేరయ్య గోడ గడియారం వంక చూశాడు. రెండూ పది. అయిదింటికి దొప్పలపాలెం మిరప రైతుల సంఘం బోర్డు ఇదే గదిలో కూర్చుంటుంది. ఎలీసమ్మను పనిలోంచి తీసేసే కాగితం మీద ఒక సంతకం, పోలీసు కంప్లయింటు మీద ఇంకో సంతకం పడతాయి. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల పది ఊళ్లలో ఏ రైతూ ఆమెను చేను గట్టెక్కనివ్వడు. యాభై నాలుగేళ్ల మనిషికి ఇక మిగిలేది దొంగ అనే పేరొక్కటే.

అంత పెద్ద విషయం నెత్తిమీద ఉన్నా పేరయ్యకు ప్రాణం హాయిగానే ఉంది. సంఘం ప్రెసిడెంటు సుబ్బరావమ్మగారింట్లో గోంగూర పచ్చడి, ఉల్లిపాయ, గడ్డపెరుగుతో మధ్యాహ్నం భోజనం బాగా కుదిరింది. అదొక్కటే కాదు. వేలిముద్రల బ్యూరోలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరై, గుంటూరులో సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాక, చాలాకాలానికి ఒక మంచి చిక్కుముడి చేతికి తగిలింది. ముడి ఎంత గట్టిదైతే ఆయనకు ఆకలి అంత బాగా వేస్తుంది.

“కావాలనే వేలు సరిగ్గా పెట్టట్లేదు సార్,” అన్నాడు గోడకానుకుని నిలబడ్డ లక్ష్మీకాంత్. “పక్కకి వంచి పెడితే ఏ వేలూ పడదు. ఇంత చిన్న సంగతి మీకు తెలియదా? పాతకాలంలో సిరా పూసి కాగితం మీద అద్దేవారు కాబట్టి మీకు అలవాటు లేదేమో.”

లక్ష్మీకాంత్‌కు ముప్పై రెండేళ్లుంటాయి. హైదరాబాదు కంపెనీ మనిషి. సంఘానికి రహస్యాల పెట్టె అమ్మిన కంపెనీ, తమ పెట్టెలో తప్పులేదని తేల్చడానికి అతన్ని పంపింది. వచ్చిన పూటే తేల్చేశాడు కూడా. కిందటేడు ఒంగోలులో ఒక కేసులో పేరయ్య చెప్పింది తప్పనీ, తన కంప్యూటరు చెప్పిందే నిజమనీ నలుగురిలో రుజువు చేసిన ఘనుడు. ఆ మంట పేరయ్యకు ఇంకా చల్లారలేదు.

“సిరా అద్దిన కాలంలో వేలిని నేనే పట్టుకుని అద్దేవాణ్ణి బాబూ. వంకర పెట్టేవాళ్లు నాకు చేతిలోనే దొరికిపోయేవాళ్లు,” అన్నాడు పేరయ్య. “ఈవిడ వేలు ఇందాకటి నుంచీ పట్టుకునే ఉన్నాను. నిటారుగానే పెడుతోంది.”

జేబులోంచి భూతద్దం తీసి ఎలీసమ్మ అరచేతిని కిటికీ వెలుగులోకి తిప్పాడు. బొటనవేలు నున్నగా, పాత రూపాయి బిళ్ల అరిగినట్టు అరిగిపోయి ఉంది. చూపుడు వేలూ అంతే. మిగతా వేళ్ల మీదా గీతన్నది లేదు.

“ముచ్చికలు ఎన్నేళ్లు తీశావమ్మా?”

“ఊహ తెలిసిన కాణ్ణించీనండి,” అంది ఎలీసమ్మ. “పొలం పని లేనప్పుడల్లా కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి ముచ్చికలు తీసేదాన్నే. మా పేటలో ఆడోళ్లందరివీ ఇట్టాంటి చేతులేనయ్యా. రేషన్ షాపులో మిషనుకి మేమంటే గిట్టదు.”

సుబ్బరావమ్మ కుర్చీలోంచి నవ్వబోయి, ఇది నవ్వే సమయం కాదని గుర్తొచ్చి మూతి బిగించుకుంది. ఆవిడకు మనసు బాగోలేదు. పొద్దున పేరయ్య రాగానే ఆవిడతో ఒక పని చేయించాడు. “ఈ రోజు సాయంత్రం అయిదింటికి ఎలీసమ్మ తాళం రద్దవుతుంది” అని, అంటే ఆమె వేలికి ఇక పెట్టె తెరుచుకోదని, చిలక చేత పెట్టె లెక్కల పుస్తకంలో రాయించాడు. సాయం చేస్తాడని పిలిపించుకున్న మనిషే ముందుగా ఉరితాడు పేనుతున్నాడేమిటని ఆవిడ అప్పటినుంచీ ఆయన వంక కోపంగా చూస్తోంది. కోపం కోపమే, కంచంలో పెరుగు పెరుగే. అందుకే ఆవిడంటే పేరయ్యకు గౌరవం కలిగింది.

ఇంతకీ పోయిందేమిటంటే, ఒక పేజీ.

నల్ల తామరపురుగు పడి చుట్టూ తోటలన్నీ మాడిపోయిన ఏడాది, దొప్పలపాలెంలో ఎలీసమ్మ చేసిన సంకరం ఒక్కటే నిలబడింది. ఏ తల్లి మొక్క పువ్వుకు ఏ తండ్రి మొక్క పుప్పొడి అద్దితే ఆ విత్తనం పుడుతుందన్నదే రహస్యం. మూడు వందల నలభై కుటుంబాల అన్నం ఆ రెండు మొక్కల మీద ఆధారపడి ఉంది. కాగితం మీద రాస్తే ఎలుకలు తింటాయి, మనిషికి చెబితే ఊరంతా తింటుంది అనుకుని సుబ్బరావమ్మ కంప్యూటరు పెట్టె పెట్టించింది. అందులో తల్లి మొక్కకు ఒక పేజీ, తండ్రి మొక్కకు ఒక పేజీ. ఒక పేజీ తెరిస్తే మళ్లీ వారం దాటేదాకా రెండోది తెరుచుకోదు. ఒక్క పేజీ దొరికినవాడికి ఒంటి చెప్పు దొరికినట్టే.

ఆ పెట్టెకు కాపలా చిలక. అది మనుషుల మాట అర్థం చేసుకుని తిరిగి మాట్లాడే ఏఐ. చిలక అని పేరు పెట్టింది పొలం పనికొచ్చే ఆడవాళ్లు. కాపలా అయితే దానిదే గానీ పెట్టె తెరిచే హక్కు దానికీ లేదు. ఎవరైనా పేజీ అడిగితే ముందు వాళ్ల వేలు చూస్తుంది. తర్వాత సుబ్బరావమ్మ ఫోనుకు కబురు పెడుతుంది. పది నిమిషాల్లో ఆవిడ ఔనంటేనే పేజీ చదివి వినిపిస్తుంది. ఎవరు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు, ఏ నిమిషానికి అన్నదంతా బ్లాక్‌చెయిన్ మీద రాసేస్తుంది. ఊళ్లో దాన్ని గొలుసు అంటారు. ఆ పుస్తకానికి హైదరాబాదు కంపెనీతో కలిపి అయిదు చోట్ల అయిదు నకళ్లున్నాయి. ఒకచోట ఎవడైనా చెరిపితే మిగతా నాలుగూ వాణ్ణి పట్టిస్తాయి.

ఆ గొలుసు మీదే ఉంది ఎలీసమ్మ నేరం.

“చిలకమ్మా, డిసెంబరు పదకొండున ఏం జరిగిందో ఇంకోసారి చెప్పు,” అన్నాడు పేరయ్య బల్ల మీది డబ్బాతో.

“చెబుతానండి. పొద్దున ఆరూ నలభైకి ఎలీసమ్మ గారి వేలు పడింది. మిషను నంబరు రెండు, సంఘం సరుకు దాచే గుంటూరు కోల్డ్ స్టోరేజీలోది. అడిగింది తల్లి పేజీ. ఆరూ నలభై మూడుకి సుబ్బరావమ్మ గారు ఫోనులో ఒప్పుకున్నారు. ఆరూ నలభై నాలుగుకి పేజీ చదివాను.”

“గొంతు ఎవరిది?”

“గొంతును నేను నమోదు చేయనండి. వేలిని మాత్రమే చూస్తాను. పేజీ పేరు కూడా తెర మీద నొక్కి అడిగారు.”

“ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత మర్యాదైన సాక్షిని చూళ్లేదు,” అన్నాడు పేరయ్య మెచ్చుకోలుగా. “అబద్ధం రాదు. కాకపోతే అడిగినదానికే జవాబు చెబుతుంది. అడగడం రానివాడికి దీనివల్ల లాభంలేదు.”

లక్ష్మీకాంత్ చెవులు ఎర్రబడ్డాయి.

సుబ్బరావమ్మ అందుకుంది. “నాకు ఫోనొచ్చింది నిజమేనండి. ఎలీసమ్మ అడుగుతోందని రాసుంది. తను చేసిన సంకరం తను అడిగితే నేనెందుకు కాదంటాను? ఔనని నొక్కి పాలు పొయ్యి మీద పెట్టుకున్నాను. నాలుగోరోజు ఎవడో విత్తనాల కంపెనీ మనిషి వచ్చి, మా తల్లి మొక్క నంబరు చెప్పి మరీ తండ్రి మొక్కకి బేరం పెట్టాడు. అప్పుడు తెలిసింది గుండె జారడమంటే ఏంటో.”

“ఆ పొద్దున ఆరూ నలభైకి నువ్వెక్కడున్నావు ఎలీసమ్మా?”

“షేడ్‌నెట్టు పందిట్లోనండి. సాయంత్రం మొగ్గలు వలిచి పెడతాం, పొద్దున పుప్పొడి అద్దుతాం. ఎండెక్కితే పువ్వు పట్టదయ్యా. ఆరింటికే దిగాం, తొమ్మిదింటిదాకా లేవలేదు. అద్దిన ప్రతి పువ్వుకీ ఎర్ర ఉన్ని దారం కట్టాం. నాతో పద్నాలుగు మంది ఆడోళ్లున్నారు.”

“ఆ పద్నాలుగు మందీ ఆవిడ కింద పనిచేసే ముఠావాళ్లే,” అన్నాడు లక్ష్మీకాంత్. “మేస్త్రి చెప్పమన్నదే చెబుతారు. సార్, మనుషులు అబద్ధం చెప్పగలరు. అయిదు చోట్ల ఒకేలా రాసిన పుస్తకం చెప్పలేదు. నిప్పులేందే పొగ రాదు.”

“సరే. పొగ నీ పుస్తకంలో ఉంది, నిప్పు ఎక్కడుందో చూద్దాం. తలలో ఉన్న సంగతి తెలుసుకోడానికి ఈవిడ పాతిక కిలోమీటర్లు వెళ్లి పెట్టె ఎందుకు తెరుస్తుంది?”

“తలలో ఉన్నది అమ్మితే కొనేవాడు నమ్మడు. పెట్టెలోంచి తీసిన పేజీ అయితే గొలుసు మీద రుజువుంటుంది.”

జవాబు బాగుంది. పేరయ్య ఒప్పుకున్నాడు, మనసులోనే. కుర్రవాడికి బుర్ర లేకపోలేదు. బుర్ర ఉన్నవాడితో తలపడితేనే తిన్న అన్నం అరుగుతుంది.

ఆయన లేచి గదంతా ఒకసారి కలియజూశాడు. బల్ల, నాలుగు కుర్చీలు, విత్తనాల సంచులు, గోడకు బిగించిన వేలి మిషను. మిషను అద్దాన్ని భూతద్దంలోంచి చూశాడు. ఎలీసమ్మ తొమ్మిదిసార్లు వేలు పెట్టిన చోట గీతల్లేని మచ్చ తప్ప ఏమీ లేదు. ఈ వేలు ఈ అద్దం మీద ఎప్పటికీ పడదు. గుంటూరు మిషనుకూ ఇదే అద్దం. మరి పదకొండో తారీఖున అక్కడ ఎలా పడింది? అంతకన్నా ముందు, అసలు నమోదు ఎలా అయింది?

ఈ ప్రశ్న తోచగానే పేరయ్యకు అరికాళ్ల దగ్గరనుంచీ సంతోషం పైకి పాకింది.

“చిలకమ్మా, వేళ్లు నమోదు చేసుకున్న రోజు లెక్క చెప్పగలవా?”

“పెట్టెలోని రహస్యం చెప్పలేనండి. గొలుసు మీద రాసినవి చెప్పగలను. జులై పద్నాలుగున పదకొండు మంది నమోదయ్యారు. సుబ్బరావమ్మ గారికి నాలుగు ప్రయత్నాలు, ముద్ర నాణ్యత నూటికి అరవై ఒకటి. బసవమ్మ గారికి ఏడు ప్రయత్నాలు, నాణ్యత నలభై ఎనిమిది...”

“ఎలీసమ్మ సంగతి చెప్పు.”

“ఎలీసమ్మ గారు చివరివారు. సాయంత్రం అయిదూ నలభై ఎనిమిది. ఒకే ప్రయత్నం. ముద్ర నాణ్యత నూటికి తొంభై నాలుగు.”

సుబ్బరావమ్మ తలతిప్పి ఎలీసమ్మ బొటనవేలి వంక చూసింది.

“తొంభై నాలుగు,” అన్నాడు పేరయ్య తీరిగ్గా. “నా సర్వీసులో అంత చక్కటి ముద్ర బ్యాంకు మేనేజర్లకే చూశాను. పొద్దస్తమానం కీబోర్డు మీద తప్ప ఇంకెక్కడా పనిచేయని వేలది.”

“ఆ రోజు చేతులు శుభ్రంగా కడుక్కుని ఉంటారు,” అన్నాడు లక్ష్మీకాంత్.

“కడుక్కుంటే కారం పోతుంది బాబూ. అరిగిన గీతలు మళ్లీ మొలుస్తాయా?” పేరయ్య ఎలీసమ్మ వైపు తిరిగాడు. “ఆ రోజు వేలు పెట్టింది నువ్వు కాదు. ఎవరు?”

ఎలీసమ్మ తలొంచుకుంది. రెండు రోజులుగా ఆమెను ఎవరు ఏమడిగినా సూటిగా చెప్పింది. ఈ ఒక్కదానికి మాత్రం నోరు పెగల్లేదు.

పేరయ్య మరో సంగతి గమనించాడు. పొద్దుటినుంచీ ఆమె లక్ష్మీకాంత్ వంక పదేపదే చూస్తోంది. తన మీద నేరం మోపిన మనిషిని చూసే చూపు కాదది. అందులో కోపం లేదు. బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డ మనిషి మలుపు వైపు చూసే చూపు.

“ఎవరికో మాటిచ్చావు. అవునా అమ్మా?”

ఎలీసమ్మ లేచి నిలబడింది. పైటకొంగు భుజం మీదికి సర్దుకుని, నేరుగా లక్ష్మీకాంత్ ఎదుటికి వెళ్లింది.

“బాబూ, నువ్వు చెప్తావా, నన్నే చెప్పమంటావా?”

“నే... నేనేం చెప్పాలి? నాకేం తెలుసు?”

“రెండ్రోజులు చూశాను నాయనా. నువ్వే చెప్తావని. నీ నోటితో వస్తే నీకు మర్యాదగా ఉంటుందని ప్రార్థన కూడా చేసుకున్నా.” ఆమె పేరయ్య వైపు తిరిగింది. “ఆ రోజు అందరి వేళ్లూ వేయించుకుంది ఈ బాబేనండి, ఆఖరున నన్ను పిలిచారు. ఎంత రుద్దినా వేలు పడలా. ఆరింటికి ఈ బాబుకి గుంటూరు బస్సు. పదకొండు మందీ అయినట్టు చూపించకపోతే పై ఆఫీసరు తిడతాడంట. ‘అమ్మా, నీ బదులు నేనేస్తాలే, ఎవరితో అనకు, నా ఉద్యోగం పోతుంది’ అన్నాడు. సరేనన్నాను. రేషన్ షాపులో అంతే కదయ్యా! నా వేలు పడకపోతే కోడలు వేస్తుంది, అదీ లేకపోతే మా ఆయన వేస్తాడు. ఎవరి వేలు పడినా మా బియ్యం మాకొస్తాయి. ఇదీ అట్టాంటిదే అనుకున్నా. వేలు ఎవరిదైతే పేరు వాళ్లదైపోతుందని నాకెవరు చెప్పారు?”

సుబ్బరావమ్మ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. “ఏమయ్యా లక్ష్మీకాంతూ! ఏవిటిది?”

“అబద్ధం! తప్పించుకోడానికి నా మీదికి తోస్తోంది!”

“అయితే తేలికే,” అన్నాడు పేరయ్య. “మిషను ఇక్కడే ఉంది. నీ బొటనవేలు నీ దగ్గరే ఉంది. పెట్టు.”

“నా వేలిముద్ర కంపెనీ రహస్యం. పెట్టడానికి వీల్లేదు.”

“తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాట్ట నీలాంటివాడే!” సుబ్బరావమ్మ గొంతు వీధిదాకా వినిపించింది. “మా వేళ్లన్నీ తెచ్చి గోడకి అతికించుకున్నావు. నీ వేలికొచ్చేసరికి రహస్యమా? పెడతావా, నలుగుర్ని పిలిపించి పెట్టించమంటావా?”

లక్ష్మీకాంత్ మిషను దగ్గరికి నడిచాడు. నాలుగే అడుగులు. బొటనవేలు అద్దం మీద ఆనించాడు.

పచ్చదీపం వెలిగింది.

“ఎలీసమ్మ గారూ, నమస్కారం,” అంది చిలక ఆప్యాయంగా. “ఏ పేజీ కావాలండి?”

ఎలీసమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో కాసేపు తెలియలేదు. సుబ్బరావమ్మ వెళ్లి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఇన్నేళ్లలో ఆవిడ అలా చెయ్యి వేయడం అదే మొదటిసారి కావచ్చు. ఎలీసమ్మ ఆ చెయ్యి వంక ఒకసారి ఆశ్చర్యంగా చూసి, అలాగే ఉండనిచ్చింది.

“ఏమీ వద్దు చిలకమ్మా, ఊరికే పిలిచాం,” అన్నాడు పేరయ్య. ఒంగోలు మంట ఆ క్షణానికి పూర్తిగా చల్లారింది. ఎంత హాయిగా ఉందంటే, కుర్రవాడి మీద జాలి కూడా వేసింది.

లక్ష్మీకాంత్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. “నమోదు చేసింది నేనే సార్. ఒప్పుకుంటాను. ఈవిడ మీదికొస్తుంటే నోరు మూసుకున్నాను, అదీ ఒప్పుకుంటాను. కానీ పేజీ నేను తీయలేదు. పదకొండో తారీఖు పొద్దున నేను హైదరాబాదులో ట్రైనింగులో ఉన్నాను. ముప్పై మంది చూశారు. వేలు నాదే, కానీ నేను పెట్టలేదు. ఎలా జరిగిందో నాకే అర్థంకాక పిచ్చెక్కిపోతోంది.”

“ఇదింకో కట్టుకథ,” అంది సుబ్బరావమ్మ.

పేరయ్య మాత్రం ఆవిణ్ణి చేత్తో ఆపాడు. “ఒక్క నిమిషమండి. చిలకమ్మా, ఇప్పుడు పడిన వేలి నాణ్యత ఎంత?”

“నూటికి డెబ్బై ఒకటండి.”

“పదకొండో తారీఖున?”

“తొంభై నాలుగు.”

“జులైలో?”

“తొంభై నాలుగు.”

పేరయ్య గబగబా వంగి లక్ష్మీకాంత్ బొటనవేలిని భూతద్దం కిందికి లాక్కున్నాడు. వేలికి అడ్డంగా, గీతలన్నిటినీ కోసుకుంటూ ఒక తెల్లటి మచ్చ ఉంది.

“ఇదెప్పటిది?”

“అక్టోబరులో సార్. కొబ్బరిబోండాం చెక్కబోతే కత్తి తగిలింది. మూడు కుట్లు పడ్డాయి.”

“అక్టోబరులో తెగిన వేలు డిసెంబరులో మళ్లీ తొంభై నాలుగు ఎలా ఇస్తుంది? అసలు బతికున్న వేలు రెండుసార్లు ఒకే అంకె ఇవ్వడమే అరుదు. చెమటుంటుంది, దుమ్ముంటుంది, ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా నొక్కుతాం.” పేరయ్య గొంతు తగ్గింది. “పదకొండో తారీఖున అద్దం మీద పడింది నీ వేలు కాదు. తెగకముందు నీ వేలికి తీసిన అచ్చు. రబ్బరు వేలు. ఎవరు చేయించారు?”

లక్ష్మీకాంత్ వేలు వెనక్కి లాక్కున్నాడు. “నేనే సార్. అంటే... నాగేంద్రబాబు చేయించాడు. మా ఆఫీసులో నా పక్క సీటు. నేను ఊళ్లు తిరిగే రోజుల్లో ఆఫీసులో హాజరు పడాలని ఆగస్టులో నా వేలికి మైనం అచ్చు తీసుకున్నాడు. రోజూ పొద్దున నా బదులు వాడు వేసేవాడు.”

“ఎవరి వేలు పడినా హాజరు హాజరే, అంతేగా? మా ఎలీసమ్మని అన్నావు గానీ, మీ హైదరాబాదులోనూ రేషన్ షాపు పద్ధతే!” అన్నాడు పేరయ్య. “జులైలో ఎలీసమ్మ బదులు వేలు వేసిన సంగతి అతనికి చెప్పావా?”

“నవ్వుకోడానికి చెప్పాను సార్. వేళ్లు పడనివాళ్లందరికీ నేనే వేశానని. వాడరేవు ఎండుచేపల ఆడవాళ్లకి, చీమకుర్తి రాతి పనివాళ్లకి... అంతా కలిపి నూట ఎనభై ఏడు మంది.”

సుబ్బరావమ్మ బుగ్గన వేలేసుకుంది. ఒక్క బొటనవేలికి నూట ఎనభై ఏడు పేర్లు!

సరిగ్గా మూడూ ఇరవైకి ఆవిడ ఫోను మోగింది. అదే క్షణంలో బల్ల మీద చిలక కూడా పలికింది.

“సుబ్బరావమ్మ గారూ, ఎలీసమ్మ గారు తండ్రి పేజీ అడుగుతున్నారు. మిషను నంబరు రెండు, గుంటూరు. ఒప్పుకుంటారా?”

ముగ్గురూ ఎలీసమ్మ వంక చూశారు. ఆమె సుబ్బరావమ్మ చేతి కిందే నిలబడి ఉంది.

“నేనిక్కడుంటే అక్కడ అడిగేదెవరమ్మా?” అంది ఎలీసమ్మ మెల్లగా.

“పొద్దున రాయించిన నోటీసు చదివినవాడు,” అన్నాడు పేరయ్య, కళ్లు మెరుస్తుండగా. “వారం గడువు ఇవాళే తీరింది. అయిదు దాటితే నీ తాళం రద్దవుతుంది. రెండో పేజీ కావాలంటే వాడికి ఈ మధ్యాహ్నం తప్ప వేరే దారిలేదు. సుబ్బరావమ్మగారు మొన్నటిలాగే అలవాటుకొద్దీ ఔనని నొక్కేస్తారని వాడి ఆశ. నిన్ను కష్టపెట్టినందుకు ఏమీ అనుకోకమ్మా. దొంగని తొందరపెట్టడానికి నీ పేరే వాడుకోవలసి వచ్చింది. సుబ్బరావమ్మగారూ, ఔననొద్దు, కాదనొద్దు. పది నిమిషాలుంది కదా, ఎదురుచూడనివ్వండి.”

ఆవిడకు అప్పుడర్థమైంది. “అందుకా! ముందే చెబితే ఇంకో గరిటె పెరుగు వేసేదాన్నిగా!”

పేరయ్య అప్పటికే గుంటూరుకు ఫోను కలిపాడు. కోల్డ్ స్టోరేజీ ఎదుటి టీ బంకులో పొద్దుటినుంచీ కాపు కాసి కూర్చున్నవాడు గౌస్ బాషా, ఆయన పాత హెడ్ కానిస్టేబులు.

“ఒక్కడే వెళ్లాడు సార్,” అన్నాడు గౌస్ బాషా. “నీలం చొక్కా, మెడలో కంపెనీ కార్డు. మిషను గదిలోకి దూరి నాలుగు నిమిషాలైంది.”

“తలుపు గడియ బయటికేనా?”

“బయటికే సార్.”

“పెట్టెయ్. స్టేషనుకి ఫోన్ చెయ్.”

ఫోనులో ఇనప గడియ చప్పుడు అందరికీ వినిపించింది. వెంటనే లోపలినుంచి ఎవరో తలుపు బాదడం, అరవడం. లక్ష్మీకాంత్ ఆ గొంతును గుర్తుపట్టి కళ్లు మూసుకున్నాడు. “నాగేంద్రబాబే.”

సుబ్బరావమ్మ అయిదింటి కాగితాలు రెండూ బల్ల సొరుగులోంచి తీసి, నిలువుగా చింపి, అడ్డంగా చింపి, చెత్తబుట్టలో వేసింది. “పో ఎలీసమ్మా, ఇంటికెళ్లి రెండు ముద్దలు తిను. పొద్దుట్నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు నువ్వు.”

“వందనాలమ్మా,” అంది ఎలీసమ్మ. ఆమె మొహం రెండు రోజుల తర్వాత తేటపడింది.

అంతలో లక్ష్మీకాంత్ జేబులో ఫోను గుర్రుమంది. ఎలీసమ్మ గొడవ బయటపడ్డాక, తన వేలు వేసిన మిగతా పెట్టెల్లో ఎక్కడ ఎవరు పేజీ అడిగినా తనకు కబురొచ్చేలా అతను రహస్యంగా పెట్టుకున్నాడు. చదివి, మళ్లీ చదివి, దాన్ని పేరయ్య చేతికిచ్చాడు.

చీమకుర్తి. రాతి పనివాళ్ల ఆస్పత్రి పెట్టె. ఏ క్వారీలో పనిచేసిన ఎవరికి ఊపిరితిత్తులు పాడయ్యాయో డాక్టర్లు రాసుకున్న రహస్య దస్తావేజులు అందులో ఉంటాయి. సమయం మూడూ ఇరవై ఆరు. అడిగినవారు యేసుపాదం అనే రాతి పనివాడు. ముద్ర నాణ్యత తొంభై నాలుగు.

“నాగేంద్రబాబు గుంటూరులో గదిలో ఉన్నాడు,” అన్నాడు పేరయ్య. “మరి చీమకుర్తిలో ఎవరు? రబ్బరు వేళ్లు ఎన్ని చేయించాడు?”

“ఒకటే అన్నాడు సార్,” అన్నాడు లక్ష్మీకాంత్. “అంతకన్నా ఘోరం... ఈ యేసుపాదం చనిపోయి రెండు నెలలైంది. ఆయన తాళం రద్దు చేయడం నేను మర్చిపోయాను.”

గుమ్మం దాటబోయిన ఎలీసమ్మ ఆగిపోయింది. చెప్పులు విడిచి మళ్లీ లోపలికొచ్చింది.

“పదండయ్యా, నేనూ వస్తాను చీమకుర్తికి,” అంది. “నేను బతికున్నాను కాబట్టి అడిగింది నేను కాదని చెప్పుకున్నాను. పాపం, ఆయన చెప్పుకోలేడుగా.”